నిబ్బరం పెట్టె

నాకు కోపం ఎక్కువ. పిల్లల్ని తిట్టాను, తోటి టీచర్లని తిట్టాను, తనిఖీకొచ్చిన అధికారిని కూడా ఒకసారి స్టాఫ్ రూములో కూర్చోబెట్టి కడిగేశాను. అలాంటి నన్ను పట్టుకుని, జిల్లా మొత్తం మీద గుండె నిబ్బరం ఉన్న మనిషి ఈవిడేనని ఒక ఇనప్పెట్టె తేల్చిందంటే మా ఆయన పడీ పడీ నవ్వాడు.

"ఆ పెట్టెని ఓ నెల మనింట్లో పెట్టమను టీచరమ్మా. నీ నిబ్బరం ఏటో దానికే తెలుస్తాది," అన్నాడు.

మా ఆయన పేరు సన్యాసిరావు. ఆర్టీసీలో కండక్టరు. విజయనగరం, సాలూరు రూటు తప్ప ఇంకో రూటు ఎక్కనని మొండికేసి, ఆ రూటులోనే రిటైరయ్యాడు. నా పేరు వరహాలమ్మ. సాలూరులో గవర్నమెంటు హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌ని. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరమే, పొద్దస్తమానం పోట్లాటే. వీధిలో వాళ్ళు మా గొంతులు విని టైము చెప్పేవాళ్ళు.

పెట్టె సంగతి చెప్పాలి ముందు.

అంతకు ముందు ఏడాది పదో తరగతి లెక్కల పేపరు పరీక్ష కంటే ముందే ఫోన్లలోకి వచ్చేసింది. ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో దేవుడికెరుక. పరీక్ష రద్దు చేశారు. మళ్ళీ జూన్‌లో పెట్టారు. మా బళ్ళో పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. లెక్కల్లో దిట్ట. నేను బోర్డు మీద తప్పు చేస్తే లేచి నిలబడి "కాదు మేడం" అనేది. పరీక్షలయ్యేదాకా ఆగి, అవగానే ఆ పిల్ల అమ్మానాన్నా ఇటుక బట్టీలకి వలసపోయారు, పిల్లని కూడా తీసుకుని. జూన్‌లో వాళ్ళు ఏ రాష్ట్రంలో ఉన్నారో కనుక్కోలేకపోయాను. పైడమ్మ మళ్ళీ మా బడి గుమ్మం ఎక్కలేదు. ఆ బెంచీ వైపు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

అందుకే విజయనగరంలో పరీక్షా భద్రతా కేంద్రం అని కొత్తగా పెట్టి, పేపర్లు కాపలా కాసే మనిషి కావాలన్నప్పుడు వెళ్ళాను.

ఆ కేంద్రాన్ని నడిపేది డాక్టర్ ప్రవల్లిక. నా శిష్యురాళ్ళ వయసు. బక్కపల్చటి పిల్ల, తిండి ధ్యాస లేదు. గది మధ్యలో బీరువా అంత పెట్టె, దాని మీద అరచెయ్యి పెట్టేందుకు ఒక గాజు పలక. జిల్లాలో ప్రతి పరీక్షా కేంద్రానికీ చిన్న చిన్న పెట్టెలు వెళ్తాయట. వాటిల్లో ఉండేవి తెల్లకాగితాలే. పెద్దపెట్టె తెరుచుకుంటేనే చిన్నపెట్టెల్లో వేడి పుట్టి, కాగితాల మీద అక్షరాలు పైకి తేలతాయి.

"పెద్దపెట్టె మీ చేతిని మాత్రమే కాదు మేడం, మీ గుండెని చదువుతుంది," అంది. "చెయ్యి పెట్టండి."

పెట్టాను. కాసేపటికి పచ్చదీపం వెలిగింది.

"మేడం, ఇందాక ఫోనొచ్చింది. మీ ఇంట్లో దొంగలు పడ్డారట," అంది.

టక్కున ఎర్రదీపం.

"ఊరికే అన్నాను," అని నవ్వింది. నాకు ఇంకా కోపమొచ్చింది. దీపం ఆరలేదు.

అదీ సంగతి. పెట్టె మనిషి నిబ్బరంగా ఉంటేనే తెరుచుకుంటుంది. మెడ మీద కత్తి పెట్టినా, డబ్బు ఆశ చూపినా, లోపల బెదురు పుట్టిందంటే అది కనిపెట్టేస్తుంది. వరసగా మూడుసార్లు ఎర్రదీపం వెలిగితే జిల్లా అంతటా సిరా మాడిపోతుంది, ఆ పరీక్ష రద్దు. పోనీ ఇంకో మనిషి చెయ్యి పెడదామా అంటే, ఒక గుండెని నేర్చుకోవడానికి పెట్టెకి చలికాలమంతా పడుతుంది.

పోలీసులొచ్చారు, బ్యాంకు మేనేజర్లొచ్చారు, రోజూ ధ్యానం చేసేవాళ్ళొచ్చారు. అందరికీ ఎక్కడో ఒకచోట ఎర్రదీపమే. నాకు మాత్రం, ఆ దొంగల మాట రోజు తప్పిస్తే, పచ్చదీపం నిలబడింది.

"మీరు లోపల ఏమనుకుంటున్నారు మేడం? శ్లోకమా?"

"బస్సు స్టేజీలు."

ఆ పిల్లకి అర్థం కాలేదు. చెప్పాను. నాకు మొదటి ఉద్యోగం మానాపురంలో. రోజూ సాయంత్రం సాలూరు బస్సు కోసం బడి నుంచి పరిగెత్తేదాన్ని. బస్సు వెళ్ళిపోతుందని గుండె దడదడలాడేది. కానీ ఒక కండక్టరు మాత్రం నేను కనిపించేదాకా రైట్ కొట్టేవాడు కాదు. డ్రైవరు విసుక్కునేవాడు, జనం తిట్టేవాళ్ళు, ఈయన మెట్టు మీద నిలబడి తాపీగా చిల్లర లెక్కపెడుతున్నట్టు నటించేవాడు. నేనెక్కి కూర్చున్నాక దడ తగ్గిపోయేది. ఆ కండక్టర్నే పెళ్ళి చేసుకున్నాను. అందుకని నాకు కంగారొస్తే కళ్ళు మూసుకుని ఆ రూటు అనుకుంటాను. విజయనగరం, బొండపల్లి, గజపతినగరం, మానాపురం, రామభద్రపురం, సాలూరు. దిగేసరికి అంతా సర్దుకుంటుంది.

ప్రవల్లిక రాసుకోలేదు కానీ శ్రద్ధగా వింది.

*

పరీక్షలు మొదలయ్యే ముందు నన్ను కేంద్రం వెనకున్న క్వార్టర్సులో పెట్టారు. ఫోను తీసేసుకున్నారు. టీవీ లేదు, పేపరు లేదు. వంట మనిషి అన్నం పెట్టి పోతుంది కానీ మాట్లాడకూడదు. కిటికీలోంచి ఒక మునగచెట్టూ, ప్రహరీ గోడా కనిపిస్తాయి. గోడ అవతల రోడ్డు మీద బస్సుల హారన్లు వినిపిస్తాయి. ఆ హారన్లు లేకపోతే నాకు పిచ్చెక్కేది. ముప్ఫయ్యేళ్ళు పిల్లల గోలలో బతికిన మనిషిని, నా గొంతు నాకే కొత్తగా ఉండేది. మునగచెట్టు మీద కాకిని తిట్టడం మొదలుపెట్టాను.

రోజూ సాయంత్రం మాత్రం ఒక ఫోను. మా ఆయనతో. మధ్యలో కేంద్రం వాళ్ళు వింటూ ఉంటారు.

"మాట వింటన్నార్రా బాబూ?" అని మొదలుపెట్టేవాడు ఈయన. "వింటే వినండి. ఏటి టీచరమ్మా, తిన్నావేటి?"

"తిన్నాను. మొక్కలకి నీళ్ళు పోశారా?"

"నీళ్ళు కావాలంటే అయ్యే అడుగుతాయి."

"ఎండిపోతే మిమ్మల్ని ఆ కుండీలో పాతేస్తాను."

"అలగే. నేనైనా చిగురేస్తానేమో చూద్దాం."

చివర్లో నేను స్టేజీలు చెప్పాలి, ఆయన వినాలి. వినడమంటే ఊరికే వినడం కాదు. "బొండపల్లి అంత గబుక్కున దాటేస్తావేటి, అక్కడ సంత జనం దిగాలి," అనేవాడు. "గజపతినగరంలో డ్రైవరు టీ తాగుతాడు, ఆగు," అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పోట్లాడుకుంటూ పోట్లాడుకుంటూ సాలూరు చేరేవాళ్ళం. "రైట్ రైట్!" అని ఫోను పెట్టేసేవాడు. పొద్దున్నే పెట్టె మీద చెయ్యి పెడితే పచ్చదీపం.

ఇంగ్లీషు పరీక్ష ముందు రోజు గాలివానకి లైన్లు తెగి ఫోను కలవలేదు. పొద్దున చెయ్యి పెడితే ఎర్రదీపం. మళ్ళీ పెట్టాను, ఎర్రదీపం. ప్రవల్లిక మొహం తెల్లబోయింది. మూడోసారి పెట్టేముందు పైడమ్మని తలుచుకున్నాను, అది తప్పని తెలిసి స్టేజీలు మొదలుపెట్టాను. చచ్చీచెడీ పచ్చదీపం వెలిగింది. ఆ పిల్ల గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఇకమీదట ఏమైనా సరే మీ ఫోను ఆగదు మేడం," అంది. మంచికే అంది, నాకేం అనుమానం రాలేదు.

*

ఇంకొక్క పరీక్ష మిగిలింది. సాంఘిక శాస్త్రం. అదైతే ఇంటికెళ్ళిపోవచ్చు. సాయంత్రం ఫోను మోగింది.

"టీచరమ్మా, తిన్నావేటి?"

"మీరు తిన్నారా?"

"తిన్నాను. చారన్నం."

"మొక్కలకి నీళ్ళు పోశారా?"

"పోశాను."

కాపరానికొచ్చిన దగ్గర్నుంచి ఈ మనిషి మొక్కలకి నీళ్ళు పోసినట్టు ఒప్పుకున్నది లేదు. పోసినా సరే, పోయలేదనేవాడు. నన్ను ఉడికించకపోతే ఆయనకి తిన్నది అరగదు.

"ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. నువ్వు దిగులు పడకు. హాయిగా పడుకో."

గొంతు ఆయనదే. ఆ జీర ఆయనదే. తిన్నావేటి అనడమూ ఆయనే. హాయిగా పడుకోమని మాత్రం ఆయన జన్మలో అనలేదు.

"స్టేజీలు చెప్పనా?" అన్నాను.

"చెప్పు."

"విజయనగరం. బొండపల్లి. గజపతినగరం. రామభద్రపురం. సాలూరు."

మానాపురం కావాలనే వదిలేశాను. చెవి ఫోనుకి ఆనించి కూర్చున్నాను. ఆయనైతే అవతల కొంపలంటుకున్నట్టు అరవాలి. మానాపురం దాటించేస్తావేటే, అక్కడ నా పెళ్ళాం ఎక్కాలి, అని వీధంతా వినపడేలా అరవాలి. అరుస్తాడని ఎంత ఎదురుచూశానో! ఒక్కసారి తిట్టవయ్యా మగడా, నీ కాళ్ళు పట్టుకుంటాను, అనుకున్నాను.

"బాగా చెప్పావు," అంది ఆ గొంతు. "రైట్ రైట్."

ఫోను పెట్టేసింది.

జ్వరమొచ్చి పడుకుని ఉంటే ఆయనే చెప్పేవాడు, మూలుగుతూనైనా చెప్పేవాడు. ఆస్పత్రిలో ఉంటే గొంతు లేకపోయినా దగ్గైనా వినిపించేవాడు. ఏమైనా సరే ఫోను ఆగదంది ప్రవల్లిక; ఇలా యంత్రంతో గొంతు తయారుచేసి పెట్టారంటే, ఇక ఆ గొంతు ఉన్న మనిషి లేడన్నమాట. నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లెక్కల టీచర్ని.

తలుపు బాదాలనుకున్నాను. నన్ను ఇంటికి పంపండర్రా అని అరవాలనుకున్నాను. అరిస్తే పంపిస్తారు, ప్రవల్లిక మంచి పిల్లే. కానీ పొద్దున చెయ్యి పెట్టేవాళ్ళుండరు. సాంఘికం రద్దవుతుంది. మళ్ళీ జూన్. పరీక్ష అవగానే బట్టీలకి బయల్దేరడానికి మూటలు కట్టుకున్న ఇళ్ళు మా మండలంలోనే ఎన్నో నాకు తెలుసు. ఒక పైడమ్మ బెంచీయే చూడలేకపోయాను. అన్ని బెంచీలు ఎలా చూడను?

ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. తలుపు బాదితే ఆయన పోయాడన్నది ఖాయమైపోతుంది. బాదకపోతే ఇంకా ఎవరూ చెప్పలేదు కదా.

మంచం మీద కూర్చుని ఏడవకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పక్కన తిట్టడానికైనా మనిషి లేడు.

*

పొద్దున్నే వంట మనిషి రాలేదు. ప్రవల్లికే ఇడ్లీ పట్టుకొచ్చింది. నా మొహం చూడకుండా పళ్ళెం పెట్టింది. నేను ఇడ్లీ తిన్నాను. తినకపోతే ఆమె భయపడుతుంది, భయపడితే నాకు చెప్పేస్తుంది, చెబితే పెట్టె తెరుచుకోదు.

గాజు పలక చల్లగా ఉంది. చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను.

విజయనగరం. కాంప్లెక్సులో బస్సు నిండింది. బొండపల్లి, సంత జనం దిగారు, తట్టలూ బుట్టలూ, నేను తొందరపడలేదు. గజపతినగరం, డ్రైవరు టీ తాగాడు, ఆగాను. మానాపురం. బడి గంట కొట్టారు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తుతున్నాను. దుమ్ము. బస్సు ఆగే ఉంది. మెట్టు మీద ఆయన, చిల్లర లెక్కపెట్టుకుంటూ. పోలేదు. నేనెక్కందే ఆ బస్సు పోదు.

"మేడం," అంది ప్రవల్లిక. "పచ్చదీపం. తెరుచుకుంది మేడం."

ఇంకా రామభద్రపురం కూడా రాలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల ఏడుస్తోంది. "మేడం, మీకొక మాట చెప్పాలి. నన్ను క్షమించండి. నిన్న మధ్యాహ్నం..."

"తెలుసు. కారు తెప్పించు," అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసింది, పచ్చదీపం వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసినప్పుడు ఆ చూపులో జాలి లేదు, భయం ఉంది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

కారులో అడిగాను, గొంతు ఎలా చేశారని. రోజూ ఫోన్లు రికార్డయ్యాయట. వాటినుంచి యంత్రానికి ఆయన మాట నేర్పారట. "మీ గుండె కంగారు పడకూడదని గొడవలన్నీ తీసేశాం మేడం. మెత్తగా మాట్లాడేలా చేశాం," అంది.

"గొడవే కదమ్మా ఆయన," అన్నాను. అంతకన్న ఏం చెప్పను?

*

మా ఆడపడుచు గౌరమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది. నిన్న మధ్యాహ్నం అన్నం తిని లేస్తూ గుండె పట్టుకుని కూలబడిపోయాడట అన్నయ్య. కేంద్రం వాళ్ళు వచ్చి, వదినకి చెప్పొద్దు, రేపు మేమే తీసుకొస్తామని బతిమాలారట. ఐసు పెట్టెలో పడుకోబెట్టి నా కోసం కూర్చున్నారు.

"నీకు తెలియనివ్వలేదు కదా వొదినా?" అంది గౌరమ్మ నా చేతులు పట్టుకుని. అవునంటే సరిపోయేది. ఆయన ముందు అబద్ధమాడలేకపోయాను.

"తెలిసింది. రాత్రే."

"తెలిసీ పెట్టె తెరిచావా?"

గౌరమ్మ నా చేతులు వదిలేసింది.

"గుండె నిబ్బరంగా ఉంటేనే తెరుచుకుంటాదంట కదా అది," అంది అందరికీ వినపడేలా. "మా అన్న చచ్చిపోయాడని తెలిసి నీ గుండె నిబ్బరంగా ఉందన్నమాట. యంత్రం అబద్ధమాడదు కదా వొదినా!"

ఐసు పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టాను. అదీ చల్లగానే ఉంది. నాకు ఏడుపు రాలేదు. రాత్రంతా ఆపుకున్నది అలాగే గడ్డకట్టుకుపోయినట్టుంది. అది కూడా అందరూ చూశారు.

ఆ తరవాత పొగడ్తలు. కర్తవ్యనిష్ఠ అన్నారు, శాలువా కప్పుతామన్నారు. వాళ్ళని గేటు దగ్గరే తిట్టి పంపించాను. పిల్లలందరూ పాసయ్యారు, సంతోషమే. గౌరమ్మ మా ఇంటికి రావడం మానేసింది. వీధిలోవాళ్ళు పలకరించేవాళ్ళు కానీ, ఆడవాళ్ళు నా వైపు కొంచెం తేడాగా చూసేవాళ్ళు. వాళ్ళని అని ఏం లాభం? నేను కూడా అద్దంలో నన్ను అలాగే చూసుకునేదాన్ని. ఇన్నేళ్ళ కాపరం, ఇన్ని పోట్లాటలు, అవన్నీ అలవాటేనా? లోపల ఏమీ లేదా? ఉంటే ఎర్రదీపం వెలగాలి కదా.

ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందో! కుండీల్లో మొక్కలకి నేనే నీళ్ళు పోసి, "పోశారా?" అని నేనే అడిగేదాన్ని. ఆయన విజిలు మేకుకి వేలాడుతూనే ఉంది. స్టేజీలు చెప్పుకుంటే మధ్యలో అడ్డొచ్చేవాళ్ళు లేక గబగబా సాలూరు వచ్చేసేది. సాలూరులో దిగితే ఖాళీ ఇల్లే కదా.

*

చలికాలం రాగానే ప్రవల్లిక వెతుక్కుంటూ వచ్చింది. ఇంకా బక్కచిక్కింది. మళ్ళీ రమ్మని అడగలేదు, గుమ్మంలో నిలబడి, "మీ గుండె పాఠం పెట్టెలోంచి తుడిచేయమంటారా మేడం, ఉంచమంటారా, అడుగుదామని," అంది.

"తుడిచే ముందు ఒక్కసారి చెయ్యి పెడతాను," అన్నాను.

ఎందుకో చెప్పలేదు. విజయనగరం బస్సెక్కాం. ఇప్పుడు బస్సుల్లో కండక్టర్లు లేరు, ఆడగొంతు ఒకటి ఎవరికీ సంబంధం లేనట్టు ఊళ్ళ పేర్లు చెబుతుంది. మానాపురం వచ్చింది, ఎవరూ ఎక్కలేదు, బస్సు ఆగకుండా పోయింది.

అదే గది, అదే గాజు పలక. ఇప్పుడు పెట్టె ఖాళీ, మాడిపోయే సిరా లేదు, ఎదురుచూసే పిల్లలు లేరు. చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను. విజయనగరం. బొండపల్లి. గజపతినగరం. మానాపురం. చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తాను. దుమ్ము. రోడ్డు మీద బస్సు లేదు. అటు చూశాను, ఇటు చూశాను. ఎక్కడా లేదు.

"ఎర్రదీపం మేడం," అంది ప్రవల్లిక మెల్లగా.

కళ్ళు తెరిచాను. గదంతా ఎర్రగా ఉంది. సాంఘికం పరీక్ష పొద్దున ఆయన ఇంకా ఆ మెట్టు మీద నిలబడే ఉన్నాడు నాకు. పోయాడని తెలిసింది బుర్రకే. గుండెకి తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది.

"క్షమించండి మేడం. మీ గుండె ఇక కుదురుకోదేమో. కావలసింది పచ్చదీపం..."

"యంత్రం సరిగ్గానే పని చేస్తోందా?"

"చేస్తోంది మేడం. పొద్దున్నే చూశాను."

"తప్పు చెప్పదు కదా?"

"చెప్పదు."

నా బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఇన్ని నెలలకి వచ్చింది ఏడుపు. తుడుచుకోలేదు.

"అయితే అమ్మా," అన్నాను, "గౌరమ్మకి ఫోను చెయ్యి. వచ్చి చూడమను. అందాకా నేను చెయ్యి తియ్యను."